హల్లులన్నీ పలికితేనే ఇంగ్లీషా?

ఇంగ్లీషు మాటకు మొదట మూడు హల్లులు, చివర నాలుగు హల్లులు మధ్యలో అచ్చు లేకుండా వరసగా రాగలవు. స్ట్రీట్, స్ప్రింగ్, స్క్రీన్ మొదటి రకం. టెక్స్ట్స్, సిక్స్త్స్, ట్వెల్ఫ్త్స్, గ్లింప్స్ట్ రెండో రకం. రెండు మాటలు పక్కపక్కన పడితే గుంపు ఇంకా పెద్దదవుతుంది. ‘నెక్స్ట్ స్ట్రీట్’ అన్నప్పుడు క్, స్, ట్, స్, ట్, ర్ అనే ఆరు హల్లులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. వీటిని సాఫీగా పలకడం ఎలా అనే ప్రశ్నకు తెలుగునాట బడుల్లో, స్పోకెన్ ఇంగ్లీషు కోచింగుల్లో, ఫోన్లో చూసే పాఠాల్లో దాదాపు ఒకే జవాబు దొరుకుతుంది. ప్రతి హల్లునూ విడిగా, పూర్తిగా పలకాలి. ఒక్కటి మింగినా అది నాలుక బద్ధకమే. ముందు ముక్కలు ముక్కలుగా నెమ్మదిగా అని, ఆ తరవాత వేగం పెంచుకోవాలి. నాలుక తిరగని వాక్యాలు రోజూ వల్లె వేయాలి. తెలుగు నాలుకకు ఇలాంటి గుంపులు అలవాటు లేవు గనక ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు తెలుగును మరిచిపోవాలి. ఎంతో క్రమశిక్షణ ఉన్నట్టు వినిపించే ఈ ఉపదేశంలో నాలుగు అంశాలున్నాయి, నాలుగూ తప్పే. మొదటిది మిగతా మూడింటికీ తల్లి.

ప్రతి హల్లూ పలకాలన్న నియమాన్ని ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లే పాటించరు. లండన్‌లో వార్తలు చదివేవాళ్ల నోట కూడా ‘నెక్స్ట్ వీక్’ మామూలుగా ‘నెక్స్ వీక్’ అనే వస్తుంది. ‘లాస్ట్ నైట్’ ‘లాస్ నైట్’ అవుతుంది, ‘ఓల్డ్ మ్యాన్’ ‘ఓల్ మ్యాన్’ అవుతుంది. ఇది చదువురాని వాళ్ల భాష కాదు, సందుగొందుల భాషా కాదు. పీటర్ రోచ్ 1983లో వెలువరించిన ధ్వనిశాస్త్ర పాఠ్యగ్రంథం దీన్ని మామూలు ఉచ్చారణలో భాగంగానే బోధిస్తుంది. జె.సి. వెల్స్ 1990లో తెచ్చిన లాంగ్‌మన్ ఉచ్చారణ నిఘంటువు పలికినా పలకకపోయినా సరిపోయే ధ్వనులను వాలు అక్షరాల్లో అచ్చువేసి మరీ చూపుతుంది. నిఘంటువు వదిలేయవచ్చన్న హల్లును వదిలినందుకు పిల్లవాణ్ణి నిలబెట్టి పదిసార్లు అనిపించడం ఏ పద్ధతి కిందికి వస్తుందో ఆ పని చేయించేవాళ్లే చెప్పాలి.

అలాగని ఈ వదలడం ఇష్టం వచ్చినట్టు జరిగేది కాదు. వదిలేది దాదాపు ఎప్పుడూ ట్ గానీ డ్ గానీ. అదీ రెండు హల్లుల మధ్య ఇరుక్కున్నప్పుడే. పైగా దాని ముందున్న హల్లు దాని జాతిదే కావాలి. గొంతు మీద వేలు ఆనిస్తే అదురు తెలిసే నాదాలు ఒక జాతి, తెలియని శ్వాసాలు ఇంకో జాతి. ‘లాస్ట్’లో స్, ట్ రెండూ శ్వాసాలు. ‘ఓల్డ్’లో ల్, డ్ రెండూ నాదాలు. అందుకని వెనక ఇంకో హల్లు రాగానే ఆ ట్, ఆ డ్ జారిపోతాయి. ‘ఫెల్ట్ బ్యాడ్’లో ల్ నాదం, ట్ శ్వాసం, జాతి కుదరలేదు కాబట్టి అక్కడ ట్ పోదు, మహా అయితే బయటికి రాకుండా నోట్లోనే ఆగుతుంది. ‘జంప్ డౌన్’లో ప్ నిలుస్తుంది; ప్, క్ లకు ఈ వెసులుబాటు మామూలుగా లేదు, ‘ఆస్క్ట్’ను ‘ఆస్ట్’ అనడం లాంటి ఒకటి రెండు చోట్ల తప్ప. ఇక వెనక వచ్చేది అచ్చు అయితే ట్ వినపడి తీరాలి. ‘లాస్ట్ ఆర్డర్’లో దాన్ని మింగినవాడి మాట ఇంగ్లీషువాళ్ల చెవికీ ఎబ్బెట్టుగానే ఉంటుంది. ఇన్ని షరతుల మీద నడిచేదానికి బద్ధకం అని పేరు పెట్టడం కుదరదు. బద్ధకస్తుడు ముందు వెనక చూసుకుని వదలడు.

ఒక హల్లు పోయినప్పుడు పక్కనున్నవి సర్దుకోవడం కూడా నియమం ప్రకారమే జరుగుతుంది. ‘హ్యాండ్‌బ్యాగ్’ మామూలు మాటల్లో ‘హ్యాంబ్యాగ్’ అవుతుంది. డ్ జారిపోయాక న్, బ్ ఎదురెదురు పడతాయి. పెదవులు బ్ కోసం ముందే మూసుకుంటాయి కాబట్టి న్ కాస్తా మ్ అవుతుంది. తెలుగు చదవగలిగిన ప్రతివారికీ ఈ సంగతి తెలియకుండానే తెలుసు. అంబలి, అందం, అంగడి మూడింట్లోనూ రాసేది ఒకే సున్న. బ ముందు అది మకారం, ద ముందు నకారం, గ ముందు ఙకారం. సున్నను సరిగ్గా చదివే పిల్లవాడి నోట ‘హ్యాంబ్యాగ్’ వస్తే తప్పు పట్టి, ‘హ్యాన్-డ్-బ్యాగ్’ అని దిద్దించడం ఉన్న విద్యను చెరపడమే.

చరిత్రలోకి వెళ్తే ప్రతి హల్లూ పలకాలనే వాదానికి ఇంకా నిలువనీడ ఉండదు. వీరుడనే అర్థంలో ‘నైట్’ మాటకు ముందు రాసే కె ని ఒకప్పుడు పలికేవారు. 17వ శతాబ్దం దాటేసరికి అది నోటినుంచి పోయింది, కాగితం మీద మిగిలింది. ‘లిసన్’, ‘కాసిల్’ మాటల్లోని ట్ కూ అదే గతి పట్టింది. క్రిస్మస్ సంగతి చూస్తే తెలుగు పత్రికలు మామూలుగా ఆ మాటలో ట్ అచ్చు వేయవు. ‘క్లోద్స్’ను ‘క్లోజ్’ అనడం ఇప్పటివాళ్ల సోమరితనమని ఒక ఫిర్యాదు ఉంది. షేక్‌స్పియర్ హామ్లెట్ నాటకంలో ఒఫీలియా పాడే పాటలో ఆ మాటకు ‘రోజ్’తో ప్రాస కుదిరింది. అంటే నాలుగు వందల ఏళ్ల కిందటే దకారం లేని ఉచ్చారణ రంగస్థలం మీద చెల్లింది. ఐస్‌క్రీమ్ మొదట్లో ‘ఐస్డ్ క్రీమ్’, అంటే చల్లబరిచిన మీగడ. వెనక క్ ఉండటంతో ఆ ట్ లాంటి డ్ జారిపోయింది. ఈసారి స్పెల్లింగు కూడా నోటి వెంట నడిచింది. ప్రతి హల్లూ పలకమనే బోధకులు ఐస్‌క్రీమ్ పార్లర్‌కు వెళ్లి ‘ఐస్డ్ క్రీమ్’ అడిగిన దాఖలా లేదు.

ఇదే పని తెలుగు కూడా చేసింది, అదీ మనసారా చేసింది. తమిళంలో మరం అనే మాటకు తెలుగులో చుట్టం మ్రాను. అచ్చు, రేఫ చోట్లు మారి మాట మొదట్లోకి మ్ర అనే జంట వచ్చింది. ఆ తరవాత రేఫ పోయి మాను మిగిలింది. తెలుగు క్రియాధాతువుల మీద 1961లో అచ్చయిన భద్రిరాజు కృష్ణమూర్తి గ్రంథం ఇలాంటి మార్పుల వెనక ఉన్న క్రమాన్ని వివరంగా చర్చించింది. ప్రాత పాత అయింది, క్రింద కింద అయింది, క్రొత్త కొత్త, ప్రక్క పక్క, బ్రతుకు బతుకు, వ్రాత రాత. గ్రాంథికవాదులు ఒకప్పుడు వీటిని పామర రూపాలని ఈసడించారు. గిడుగు రామమూర్తి వ్యావహారికోద్యమం తరవాత ఇవే అచ్చులో నిలదొక్కుకున్నాయి. ఇప్పుడు ‘క్రొత్త’ అని మాట్లాడేవాడే కృత్రిమంగా వినిపిస్తాడు. సొంత భాషలో జంటను విడిచిన రూపమే ప్రమాణమని ఒప్పుకున్న సమాజం, ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి గ్రాంథికవాదుల పాత కుర్చీలో కూర్చుంది.

ఈ పొరపాటు ఎక్కడ మొదలైందో కనిపెట్టడం కష్టం కాదు. తెలుగు లిపిలో రాసింది చదివితే చాలు, పలికినట్టే. అక్షరానికి ధ్వని, ఒత్తుకు ధ్వని. ఈ లిపితో పెరిగిన కన్ను ఇంగ్లీషు స్పెల్లింగును కూడా అదే నమ్మకంతో చూస్తుంది. ‘నెక్స్ట్’ అని తెలుగులో రాసినప్పుడు క కింద స, ట ఒత్తులు కుదురుగా కనిపిస్తాయి, కనిపించినవన్నీ పలకాలనిపిస్తుంది. ఇంగ్లీషు స్పెల్లింగు మాట పుట్టుకను, చుట్టరికాలను గుర్తుపెట్టుకునే పద్దు. నోరు ఏం చేయాలో చెప్పడం దాని పనుల్లో ఒకటి మాత్రమే, అదీ అరకొరగా చేసే పని.

రెండో అంశం ముక్కలు చేసి నెమ్మదిగా పలకడం. ఇది మొదటిదానికన్నా ఎక్కువ చెరుపు చేస్తుంది. హల్లుల గుంపు సాఫీగా రావడానికి కారణం ఒక హల్లు పూర్తికాకముందే రెండోది మొదలుకావడం. ‘డాక్టర్’లో క్ కోసం నాలుక వెనక భాగం అంగిలికి ఆనుతుంది, అది అక్కడినుంచి విడకముందే నాలుక కొన ట్ కోసం పైకి చేరిపోతుంది. ఆ తరవాత వెనక భాగం విడినా శబ్దం బయటికి రాదు, ముందు దారి మూసి ఉంది కాబట్టి. మృదంగం మీద ఒక వేలు లేవకముందే రెండో వేలు పడినట్టు జరిగే పని ఇది. ‘డాక్, ట, ర్’ అని ముక్కలు చేస్తే క్ విడుదలై గాలి బయటికి వస్తుంది, దానితో పాటు చిన్న అచ్చు ముక్క కూడా వస్తుంది. స్ట్రీట్‌ను ‘స్, ట్, రీట్’ అని ముక్కలుగా పదేపదే అనిపించినప్పుడు నిజంగా అలవాటయ్యేది ‘సటరీట్’. ఏ అచ్చు రాకూడదో దాన్నే సాధన చేయించి, ఆ తరవాత వేగం పెంచితే అది పోతుందని చెప్పడం వింత. వేగం పెంచితే ఆ అచ్చు కూడా వేగంగా వస్తుంది, అంతే.

క్, ట్ లాంటి స్పర్శం ఇలా విడుదల కాకపోవడం పాశ్చాత్యులు కనిపెట్టిందేమీ కాదు. వేదోచ్చారణను వివరించిన ప్రాతిశాఖ్యల్లో దీనికి అభినిధానమని పేరు ఉంది: ఒక స్పర్శం ముందు ఇంకో స్పర్శాన్ని పూర్తిగా విడవకుండా అణచి పలకడం. హల్లుల మధ్య దూరే చిన్న అచ్చు ముక్కకు కూడా వాళ్లే స్వరభక్తి అని పేరు పెట్టారు. అంటే రోగానికీ మందుకూ రెండింటికీ ఈ నేల మీదే పేర్లున్నాయి. కోచింగ్ బోర్డు మీద మాత్రం రెండూ కనపడవు.

‘నెక్స్ట్ స్ట్రీట్’ను దగ్గరినుంచి చూస్తే పని ఎంత తేలికైందో తెలుస్తుంది. మొదట క్ కోసం నాలుక వెనక భాగం పైకి ఆనుతుంది. అది విడిపోతూనే స్ లోకి జారుతుంది. క్ష పలికేవాళ్లకు ఇది తెలిసిన కదలికే. తరవాత రావలసిన ట్ రెండు సకారాల మధ్య ఇరుక్కుంది, పైగా ముందున్న స్ దాని జాతిదే, కాబట్టి అది పోతుంది. అప్పుడు మొదటి మాటలోని స్, రెండో మాటలోని స్ కలిసి ఒకే పొడుగాటి స్ అవుతాయి. నాలుక చోటు మారదు, గాలి ఆగదు. ఆ గాలి చివర నాలుక కొన ఒక్కసారి తాకి ట్, వెంటనే ర్. ఆరు హల్లులనుకున్నవి నోటికి నాలుగే, అందులో ఒకటి కాస్త సాగదీసింది. ఆరింటినీ విడివిడిగా పలికితే వినేవాడికి స్పష్టత పెరగదు. మాటకూ మాటకూ మధ్య సందు ఎక్కడుందో తెలియక వాడు తికమక పడతాడు.

రెండు మాటల సరిహద్దులో ఒకే హల్లు రెండుసార్లు వస్తే సంగతి ఇంకా సులువు. ‘బ్లాక్ క్యాట్’, ‘హాట్ టీ’, ‘బిగ్ గర్ల్’ లాంటి చోట్ల ఇంగ్లీషువాళ్లు హల్లును ఒకసారే పట్టి, కాసేపు నిలిపి, ఒకసారే విడుస్తారు. తెలుగు ద్విత్వం సరిగ్గా ఇదే. అక్క, చెట్టు, ముగ్గు అనేటప్పుడు ఎవరూ ‘అక్-క’ అని రెండుసార్లు విడవరు. మూడేళ్ల పిల్లకు కూడా వచ్చిన ఈ కదలికను ఇంగ్లీషు గదిలోకి రానివ్వకుండా, ‘బ్లాక్’ దగ్గర ఆగి, ఊపిరి పీల్చి, ‘క్యాట్’ అనమంటున్నారు.

నాలుక తిరగని వాక్యాల విషయం క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. వాటిలో చాలావరకు స, ష లాంటి దగ్గర ధ్వనులను మార్చి మార్చి పేర్చి నాలుకను తడబడేలా చేయడానికి కట్టినవి. వాటిలో ఇంగ్లీషువాళ్లే బోల్తా పడతారు, అందుకే అవి వాళ్లకు వినోదం. మామూలు సంభాషణలో ఎదురయ్యే గుంపులకూ వాటికీ సంబంధం తక్కువ. అవి ఆటగా ఉన్నంతసేపు పేచీ లేదు, పాఠంగా మారితేనే దండగ.

నాలుగో అంశం తెలుగు మీద వేసిన నింద. తెలుగు నాలుకకు హల్లుల గుంపులు రావన్న మాట స్త్రీ అనే ఒక్క అక్షరంతోనే వీగిపోతుంది. స్పష్టం, స్నేహం, స్కంధం, త్యాగం, వస్త్రం, రాష్ట్రం, జ్యోత్స్న, స్వాతంత్ర్యం: ఇవన్నీ రోజూ వాడుకలో ఉన్నవో, ఆరో తరగతి పిల్లవాడు తడుముకోకుండా చదివేవో. బడి వ్యాకరణంలో వీటికి సంయుక్తాక్షరం, సంశ్లేషాక్షరం అని వేరువేరు పేర్లు కూడా ఉన్నాయి. ఇంకో విశేషం, దీన్ని ఎవరూ చెప్పరు. ‘పెన్’, ‘కీ’ లాంటి మాటల మొదట ఇంగ్లీషువాళ్లు ప్, క్ లను ఊపిరి ఒత్తుతో పలుకుతారు. తెలుగు ప, క లకు ఆ ఊపిరి ఉండదు. అదే స్ తరవాత వస్తే వాళ్ల నోట కూడా ఆ ఊపిరి పోతుంది. అంటే ‘స్పూన్’లో ప్, ‘స్కూల్’లో క్ తెలుగువాళ్ల నోట దిద్దవలసిన పనిలేకుండా సరిగ్గా పలుకుతాయి. కష్టమని పేరుపడ్డ గుంపులోనే తెలుగు నాలుక సొంత ఇంట్లో ఉంది. ఊళ్లలో వినిపించే ‘ఇస్కూలు’ ఒకటుంది నిజమే. స్పానిష్‌వాళ్ల బడి ‘ఎస్క్వేలా’ కూడా ఈ బాపతే. సకారాన్ని కాసేపు సాగదీసి ‘స్స్స్కూల్’ అనిపిస్తే ముందున్న ఇకారం కొద్దిరోజుల్లో రాలిపోతుంది.

అసలు చిక్కు మాట మొదట్లో లేదు, చివర ఉంది. తెలుగు అజంత భాష. మాట అచ్చుతోనో, సున్నతోనో ముగియాలి. అందుకే బస్ బస్సయింది, బల్బ్ ఉకారం తెచ్చుకుని బల్బు అయింది. టెస్టు, డెస్కు, గిఫ్టు, లిఫ్టు, బ్యాంకు అన్నీ అంతే. ఈ ఉకారం ఇంగ్లీషు వాక్యంలోకి కూడా వెంట వస్తే ‘టెస్టు ఈజ్ ఓవర్’ అవుతుంది. ఇక్కడిదాకా నింద వేసేవాళ్ల మాట నిజం. ఆ తరవాత వాళ్లు చూడని సంగతి ఒకటుంది. ఆ ఉకారాన్ని తీసేసే పద్ధతి కూడా తెలుగులోనే ఉంది, పేరు ఉత్వ సంధి. పదో తరగతి పరీక్షకు ‘రాముడు + ఇతడు’ అని విడదీసి మార్కులు తెచ్చుకోవడానికే అది ఉన్నట్టు అనుకుంటారు గానీ, వీధిలో అది నిత్యం నడుస్తూనే ఉంటుంది. ‘లిఫ్టెక్కు’, ‘గిఫ్టిచ్చాడు’, ‘టెస్టయిపోయింది’, ‘డెస్కెక్కడుంది?’, ‘బ్యాంకెప్పుడు తీస్తారు?’ ఈ ప్రతి మాటలోనూ చివరి ఉకారం పోయి, హల్లుల గుంపు వెనక మాట అచ్చుకు అతుక్కుంది. ఇంగ్లీషులో చేయవలసిన పని ముమ్మూర్తులా ఇదే. ‘టెస్ట్ ఈజ్’ నోట్లో ‘టెస్టిజ్’ అవుతుంది, ‘ఫైండ్ అవుట్’ ‘ఫైండవుట్’, ‘ఫిక్స్డ్ ఇట్’ ‘ఫిక్స్టిట్’. లిఫ్టెక్కిన నాలుకకు ‘లిఫ్ట్ ఈజ్’ కష్టం కాకూడదు. దాన్ని కష్టంగా మార్చింది మాటకూ మాటకూ మధ్య ఆగమని చెప్పిన పాఠం.

పై మాటల్లో ‘ఫిక్స్డ్’ చివర డి అని రాసి ట్ అనడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. భూతకాలాన్ని తెలిపే ఆ డి, శ్వాసం తరవాత శ్వాసమైన ట్ గా మారుతుంది: వర్క్ట్, వాష్ట్, జంప్ట్. రాసింది రాసినట్టు పలకాలనే పట్టుదలతో ‘వర్క్‌డ్’ అంటే శ్వాసం పక్కన నాదం ఇమడక మధ్యలో అచ్చు దూరి ‘వర్కెడ్’ అయి కూర్చుంటుంది. దిక్కు గజంతో కలిస్తే దిగ్గజం అయింది, వాక్కు ఈశుడితో కలిస్తే వాగీశుడు అయ్యాడు. పక్కపక్క ధ్వనులు ఒకే జాతికి సర్దుకోవడమే అక్కడా ఇక్కడా జరిగింది, దిశ ఒక్కటే తేడా. జశ్త్వ సంధి వచ్చినవాళ్లకు దీన్ని రెండు వాక్యాల్లో చెప్పవచ్చు.

చదువుకున్నవాళ్లు వెక్కిరించే పల్లె ఉచ్చారణల్లో కొన్ని ఇంగ్లీషువాళ్ల ఉచ్చారణకు వెక్కిరించేవాళ్లకన్నా దగ్గరగా ఉండటం ఇంకో తమాషా. ‘గవర్మెంటు’ అన్న రైతును చూసి నవ్వి ‘గవర్న్-మెంట్’ అని దిద్దుతారు. మ్ ముందున్న ఆ న్ ను ఇంగ్లీషువాళ్లు కూడా ఎక్కువగా పలకరు. నిఘంటువులు ఆ ఉచ్చారణకు చోటిచ్చాయి. ‘ఫిలిం’ అన్నా నవ్వే. ఐర్లండ్‌లో ఇంగ్లీషు పుట్టుకతో మాట్లాడేవాళ్లు ఆ మాటను ల్, మ్ ల మధ్య అచ్చు పెట్టే పలుకుతారు.

చివరి హల్లు గుంపు పట్టుబడనప్పుడు దోషం తరచు నాలుకది కాదు, చెవిది. 1999లో డుపూ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధనలో జపనీయులకు ‘ఎబ్జో’ లాంటి అర్థం లేని మాటలు వినిపించారు. బ్, జ్ ల మధ్య ఏ అచ్చూ లేకపోయినా వాళ్లకు ‘ఎబుజో’ అనే వినిపించింది, ఎందుకంటే వాళ్ల భాష అక్కడ అచ్చును ఆశిస్తుంది. లేని అచ్చు వినిపించేవాడికి నోటితో ఎన్ని కసరత్తులు చేయించినా తాను పలికింది విన్నట్టే ఉందనిపిస్తుంది. కాబట్టి వినికిడి ముందు, ఉచ్చారణ తరవాత. ‘సపోర్ట్’, ‘స్పోర్ట్’ రెండింటినీ మార్చి మార్చి వినిపించి ఏది ఏదో గుర్తుపట్టమనడం గంటసేపు వల్లె వేయించడం కన్నా మేలు.

ప్రతి హల్లూ పలకాలనే పక్షానికి గట్టి వాదన ఒకటుంది. ఇంగ్లీషువాళ్లు వదిలితే చెల్లుతుంది. నేర్చుకునేవాడికి వదలమని చెప్తే అడ్డదిడ్డంగా వదులుతాడు, అప్పుడు అసలుకే మోసం వస్తుంది అని. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునేటప్పుడు ఎక్కడ అర్థం చెడుతుందో జెనిఫర్ జెంకిన్స్ పరిశీలించి 2000లో గ్రంథం వెలువరించింది. హల్లుల మధ్య అచ్చు చేర్చడం కన్నా హల్లును తప్పుచోట వదలడమే ఎక్కువ నష్టమని అందులో తేలింది. మాట మొదటి గుంపులో ఏదీ వదలకూడదు. మధ్యలో, చివర వదలాలంటే ఇంగ్లీషు నియమాల ప్రకారమే వదలాలి. ‘ఫ్యాక్ట్స్’లో ట్ పోవచ్చు, క్ పోతే మాటే మారుతుంది. ఈ ఫలితం అన్నీ పలకమనే పక్షానికి అనుకూలమని అనిపించవచ్చు. జాగ్రత్తగా చూస్తే అది వాళ్ల మీదికే తిరుగుతుంది. వదలడానికి నియమాలున్నప్పుడు వాటిని నేర్పడం మానేసి ‘ఏదీ వదలకు’ అంటే, వేగంగా మాట్లాడక తప్పని రోజున నేర్చుకున్నవాడు ఏది దొరికితే అది వదులుతాడు. అడ్డదిడ్డంగా వదలడం నియమం నేర్పినందువల్ల రాలేదు, దాచినందువల్ల వచ్చింది. విలియం లాబోవ్, ఆయన తరవాతివాళ్లు అమెరికాలో చేసిన అధ్యయనాల్లో ఇంగ్లీషువాళ్లు కూడా అర్థం మోసే ట్, డ్ లను తక్కువగా వదులుతారని తేలింది: ‘జస్ట్’ లాంటి మాటలో వదిలినంత తరచుగా, భూతకాలాన్ని తెలిపే ‘పాస్ట్’ లాంటి క్రియలో వదలరు. పాఠంలోకి రావలసింది ఈ వివేకం.

అన్నీ పలకమనే బోధ వల్ల అర్థమే తారుమారయ్యే చోటు ఒకటుంది. అమెరికాలో పనిచేసే తెలుగువాళ్లకు ఇది మీటింగుల్లో బాగా తెలిసిన ఇబ్బంది. ‘ఐ క్యాన్ గో’, ‘ఐ క్యాంట్ గో’: ఒకటి అవును, ఒకటి కాదు. తేడా అంతా ఆ ట్ లో ఉందనుకుని తెలుగువాళ్లు ట్ ను నొక్కుతారు. అమెరికావాళ్లు ఆ ట్ ను చాలాసార్లు నోట్లోనే ఆపేస్తారు, అది వినపడదు. వాళ్లకు తేడా తెలిసేది అచ్చులో. వెళ్లగలను అనేటప్పుడు ‘క్యాన్’ నలిగిపోయి ‘కన్’ లాగా, ఇంకా పొట్టిగా, ఊనిక లేకుండా పోతుంది. ఊనిక ‘గో’ మీద పడుతుంది. వెళ్లలేను అనేటప్పుడు ‘క్యాంట్’ నిండుగా, ఊనికతో వస్తుంది. ప్రతి ధ్వనినీ పూర్తిగా పలకాలని నేర్చుకున్నవాడు ‘ఐ క్యాన్ గో’ను మూడు మాటలూ సమానంగా, నిండుగా అంటాడు. అవతలివాళ్లకు అది ‘వెళ్లలేను’ అని వినిపించే అవకాశం ఉంది. ట్ ఎంత గట్టిగా పలికినా దీనికి మందు కాదు. హైదరాబాదులోని కేంద్ర ఆంగ్ల సంస్థ తరఫున ఆర్.కె. బన్సల్ 1969లోనే భారతీయుల ఇంగ్లీషు ఇతరులకు ఎంతవరకు అర్థమవుతుందో పరిశీలించి పుస్తకం తెచ్చాడు. మాటలో ఊనిక తప్పుచోట పడటాన్ని ఆయన ముఖ్య కారణాల్లో లెక్కించాడు. ఊనికకు రావలసిన గంటలను హల్లుల విడివిడి కసరత్తు తినేస్తోంది.

ఇక మిగిలింది వెనక అచ్చూ లేక, హల్లూ లేక, గుంపు వాక్యం చివర పడిన చోటు: ‘దిస్ ఈజ్ ద టెస్ట్.’ అతుక్కోవడానికి ఏమీ లేదు, వదలడానికి నియమం ఒప్పుకోదు. తెలుగు ఉకారం ఎక్కువగా దొర్లేది ఇక్కడే. దీన్ని చివర నేర్పాలి, ‘టెస్టిజ్’ వచ్చాక. ముందు ‘టెస్టిజ్’ అని, తరవాత ఆ ‘ఇజ్’ను గుసగుసగా అని, ఆపైన గొంతు అదురు పూర్తిగా ఆపి ట్ దగ్గరే నిలపాలి. ట్ తరవాత కాస్త గాలి వస్తే ఫర్వాలేదు. ఇంగ్లీషువాళ్ల నోట కూడా ఆ గాలి వస్తుంది, లేదా ట్ విడవకుండా అక్కడే ఆగిపోతుంది. రెండూ చెల్లుతాయి. గొంతు మీద ఆనించిన వేలికి ట్ తరవాత అదురు తెలియకపోతే ఉకారం పోయినట్టే.